పద్నాలుగు నెలలు

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా రిపోర్టులు ముందు నాకొస్తాయి. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. కానీ వీడు ఇంగ్లీషులో చదివి చెబుతాడు, గూగుల్ చేస్తాడు అని చుట్టాల్లో ఒక పేరుంది. అలా 2018 డిసెంబరులో ఒక రాత్రి మా పిన్ని కొడుకు ఎమ్మారై రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. వాడికప్పుడు పదహారేళ్ళు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. తలనొప్పి అంటుంటే చదువు ఒత్తిడి అనుకున్నారు. తర్వాత కళ్ళజోడు మార్పిద్దామని తీసుకెళ్తే, ఆ కళ్ళ డాక్టరే కంటి వెనక నరం ఉబ్బిందని స్కానింగ్‌కి పంపాడు.

ఆపరేషన్ అయ్యాక బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా అని వచ్చింది. ఆ రాత్రి కూర్చుని చదవాల్సిన పేపర్ చదివేశాను. అందులో ఒక అంకె ఉంది: 14.6 నెలలు. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు. దానికి బదులు ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. తేదీ, మందు, డోసు, వాంతులు, ఫిట్స్, బరువు. పిన్ని రోజూ ఫోన్లో చెబితే నేను నింపేవాణ్ణి. వాడు పదకొండు నెలలు ఉన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడాది ఒక పుస్తకం చదువుతుంటే అందులో నా ఎక్సెల్ షీట్ కనిపించింది. మా టీమ్‌లో న్యూజెర్సీలో పెరిగిన ఒకమ్మాయి ఉంది. ఏదో మాటల్లో మా తమ్ముడి సంగతి చెబితే, మాకు స్కూల్లో ఒక పుస్తకం చదివించేవారు, అందులోనూ ఇదే జబ్బు అంది. జాన్ గుంథర్ రాసిన 'డెత్ బీ నాట్ ప్రౌడ్'. 1949లో వచ్చింది. జాన్ డన్ కవిత ఒకదాని నుంచి తీసుకున్న పేరు. అమెరికాలో కొన్ని తరాల పిల్లలు దీన్ని క్లాసు పుస్తకంగా చదివారు. మనవైపు పెద్దగా ఎవరికీ తెలియదు.

గుంథర్ అంటే 1930లు, 40ల్లో అమెరికాలో ఇంటింటికీ తెలిసిన జర్నలిస్టు. దేశాలు చుట్టి వచ్చి లావుపాటి పుస్తకాలు రాసేవాడు. 1936లో 'ఇన్‌సైడ్ యూరప్', 1939లో 'ఇన్‌సైడ్ ఏషియా', 1941లో 'ఇన్‌సైడ్ లాటిన్ అమెరికా'. ఆసియా పుస్తకం కోసం భార్య ఫ్రాన్సెస్‌తో కలిసి ఇండియాకి వచ్చాడు. గాంధీని, నెహ్రూని కలిశారు. ఆ తర్వాత ఫ్రాన్సెస్‌కి నెహ్రూతో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. ఆవిడ కూడా రాసే మనిషే. 1944లో, నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో జైల్లో ఉండగా, 'రివల్యూషన్ ఇన్ ఇండియా' అని మన స్వాతంత్ర్యం తరఫున ఒక చిన్న పుస్తకం వేసింది. అదే ఏడాది భార్యాభర్తలు విడాకులు తీసుకున్నారు. వాళ్ళకి మిగిలింది ఒక్కడే కొడుకు, 1929లో పుట్టిన జానీ. వాడికంటే ముందు పుట్టిన ఆడపిల్ల నెలల పసికందుగానే పోయింది.

జానీ మసాచుసెట్స్‌లో డీర్‌ఫీల్డ్ అకాడమీ అనే హాస్టల్ స్కూల్లో చదివేవాడు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, చదరంగం. కొంచెం మతిమరుపు, బోలెడంత మర్యాద. 1946 ఏప్రిల్లో మెడ పట్టేసింది. ముందు ఏ పోలియోనో అని భయపడ్డారు. పరీక్షలు చేసిన డాక్టర్లు మెదడులో కణితి అన్నారు. ఏప్రిల్ 29న న్యూయార్క్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ట్రేసీ పట్నమ్ తలకి ఆపరేషన్ చేశాడు. బత్తాయి అంత కణితి. సగమే తీయగలిగాడు.

పట్నమ్ పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఈయన, హ్యూస్టన్ మెరిట్ అనే ఇంకో డాక్టరు కలిసి 1938లో ఫెనిటోయిన్ మందు ఫిట్స్‌ని ఆపుతుందని చూపించారు. మన మందుల షాపుల్లో ఎప్టాయిన్ పేరుతో దొరికేది అదే. నా షీట్‌లో మూడో వరస. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చిగుళ్ళు వాస్తున్నాయి అని పిన్ని చెబితే, ఈ మందుకి అలా అవుతుందట పిన్నీ, బాగా పళ్ళు తోమించండి అని నేను సలహా ఇచ్చిన మందు. ఎనభై ఏళ్ళ కిందట దాని గుణం కనిపెట్టిన చేతులే జానీ పుర్రె తెరిచాయి.

జబ్బు పేరుకీ ఒక చరిత్ర ఉంది. మెదడు కణితుల్ని సూక్ష్మదర్శినిలో చూసి రకాలుగా విడగొట్టి పేర్లు పెట్టిన పుస్తకం 1926లో వచ్చింది. రాసింది పెర్సివల్ బెయిలీ, హార్వే కుషింగ్. గ్లియోబ్లాస్టోమా మల్టీఫార్మీ అన్న పేరు స్థిరపడింది వీళ్ళ వల్లే. కుషింగ్ బోస్టన్‌లో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పెద్ద సర్జన్. ఆ రోజుల్లోనే అదే ఆసుపత్రిలో ఒక తెలుగాయన పొట్టకూటి కోసం రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశాడు. 1922లో భీమవరం కుర్రాడిగా బోస్టన్‌లో దిగిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

పుస్తకంలో ఎక్కువ పేజీలు వైద్యం మీదే పోతాయి. ఇది దాని లోపం అని కొందరంటారు. నాకు మాత్రం అసలు సరుకంతా అక్కడే ఉందనిపించింది. తండ్రి రిపోర్టరు. కొడుకు చనిపోతున్నాడని తెలిసిన రిపోర్టరు ఏం చేస్తాడు? ఫోన్లు చేస్తాడు. దేశంలో పేరున్న ప్రతి న్యూరాలజిస్టుకీ ఫోన్ చేశాడు, ఉత్తరం రాశాడు. మాంట్రియల్ నుంచి వైల్డర్ పెన్‌ఫీల్డ్ అంతటి వాణ్ణి రప్పించాడు. ఒక పక్క 'ఇన్‌సైడ్ యు.ఎస్.ఎ.' అనే బ్రహ్మాండమైన పుస్తకం గడువుకి పూర్తిచెయ్యాలి. పొద్దున అధ్యాయం, మధ్యాహ్నం ఆసుపత్రి, రాత్రి మళ్ళీ అధ్యాయం. చదువుతుంటే నాకు స్టాండప్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టుకుని క్లినికల్ ట్రయల్స్ వెతికిన రోజులు గుర్తొచ్చాయి. పనిచేస్తున్నామన్న భ్రమే ఆ రోజుల్లో మనిషిని నిలబెడుతుంది.

ముందు ఎక్స్‌రేలతో రేడియేషన్ ఇచ్చారు. తర్వాత మస్టర్డ్. దీని కథ చెప్పి తీరాలి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల ఊపిరితిత్తుల్ని కాల్చేసిన మస్టర్డ్ గ్యాస్ రక్తంలో తెల్లకణాల్ని కూడా తుడిచేస్తుందని డాక్టర్లు గమనించారు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బులకి ఇది మందు కాకూడదా అని 1942లో యేల్‌లో గుడ్‌మన్, గిల్‌మన్ అనే ఇద్దరు దాని బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ని ఒక రోగికి రహస్యంగా ఇచ్చి చూశారు. 1943 డిసెంబరులో ఇటలీలోని బారీ రేవులో జర్మన్లు బాంబులు వేస్తే, మస్టర్డ్ బాంబులు దాచిన అమెరికన్ ఓడ ఒకటి పేలింది. అక్కడి బాధితుల రక్తంలోనూ అదే కనిపించింది. ఇదంతా యుద్ధ రహస్యం. 1946లో గానీ బయటికి రాలేదు. ఆ ఏడాదే జానీ నరంలోకి అది ఎక్కించారు. మెదడు కణితికి దాన్ని వాడిన మొట్టమొదటి కేసుల్లో వాడిదొకటి. కీమోథెరపీ అంటే ఈ రోజు మనకి తెలిసింది అక్కడే మొదలైంది. వాడికి మాత్రం పెద్దగా పనిచెయ్యలేదు.

ఆ తర్వాత మాక్స్ గెర్సన్ వచ్చాడు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన డాక్టరు. ఉప్పు లేదు, కొవ్వు లేదు, పళ్ళరసాలు, కూరల రసాలు, రోజుకి ఇన్నిసార్లని ఎనీమాలు. పదహారేళ్ళ పిల్లాడు నెలల తరబడి ఆ చప్పిడి తిండి తిన్నాడు. విచిత్రంగా కొన్నాళ్ళు తేరుకున్నాడు కూడా. రక్తం మెరుగైంది, కంటి నరం వాపు తగ్గింది. గుంథర్ గెర్సన్ గురించి చాలా ఆదరంగా రాశాడు. నాకు ఈ పుస్తకంతో ఉన్న ఒకే ఒక్క గట్టి పేచీ ఇక్కడ. పిల్లాడు చివరికి పోయాడని ఇదే పుస్తకం చెబుతోంది. అయినా ఆ ఆదరమే గెర్సన్ పేరుని దేశమంతా మోసింది. ఈ పద్ధతి క్యాన్సర్‌ని నయం చేస్తుందనడానికి ఆధారం ఏనాడూ దొరకలేదు. ఇప్పటికీ మెక్సికోలో ఆ పేరు మీద వైద్యం అమ్ముతున్నారు, మన వాట్సాప్ గ్రూపుల్లోకి దాని ముక్కలు వస్తూనే ఉన్నాయి.

అలాగని గుంథర్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. మా బాబాయి పెరట్లో ట్రేలు పెట్టి గోధుమగడ్డి పెంచాడు. దాని వల్ల ఏమీ కాదని నాకు తెలుసు. షీట్‌లో దానికి ఒక వరస పెట్టాను. తెల్లారి ఆరింటికి లేచి గడ్డి కోసి, రుబ్బి, వడగట్టి గ్లాసులో పోసి తెచ్చే మనిషికి ఏ పేపర్ చూపిస్తాం?

ఇక జానీకి ఏం చెప్పారన్నది. ఆ రోజుల్లో అమెరికాలో డాక్టర్లు క్యాన్సర్ అన్న మాట రోగికి చెప్పేవారు కాదు. ఇది 1940ల సంగతే కాదు. 1961లో చికాగోలో ఒక ఆసుపత్రి డాక్టర్లని అడిగితే దాదాపు 90 శాతం మంది చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్ళీ అలాంటి సర్వే చేస్తే 97 శాతం చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్ళలో మొత్తం తిరగబడింది. అక్కడి వాళ్ళు మొదటి నుంచీ నిక్కచ్చిగా ఉంటారనీ, మన వాళ్ళే దాస్తారనీ నేను అనుకునేవాణ్ణి. కాదు, వాళ్ళూ దాచారు.

జానీకి కణితి అని మాత్రం పట్నమే చెప్పాడు. అది చంపుతుందని చెప్పలేదు. కణితి అని విన్న పిల్లాడు డాక్టర్ని అడిగిన మొదటి సంగతి, ఇది తన తల్లిదండ్రులకి తెలుసా, వాళ్ళకి ఎలా చెప్పాలి అని. గుంథర్ దీన్ని పెద్దగా వ్యాఖ్యానించకుండా ముందుకి వెళ్ళిపోతాడు. నేను వెళ్ళలేకపోయాను, పుస్తకం మూసి బాల్కనీలోకి పోయాను.

మేం మా వాడికి తలలో నీరు చేరింది అని చెప్పాం. నీరు తీసేశారు, మళ్ళీ చేరకుండా మందులు, రేడియేషన్ అంటే ఒక రకం లైటు. ఆ అబద్ధాన్ని అందరికీ సరిపోయేలా రాసిచ్చింది నేనే. పిన్నికి, బాబాయికి, అమ్మమ్మకి, చూడ్డానికి వచ్చే చుట్టాలకి, అందరూ ఒకటే మాట మాట్లాడాలని. వాడు నన్ను ఒక్కసారీ ఎదురు అడగలేదు. ఎంత అమాయకుడో అనుకున్నాను.

వాడు పోయిన నెలకి, ఫోటోలు తీసిపెట్టరా అని పిన్ని వాడి ఫోన్ నాకిచ్చింది. ఫోటోల తర్వాత, చూడకూడదని తెలిసీ, బ్రౌజర్ హిస్టరీ చూశాను. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రెండో రోజు జబ్బు పేరు వెతికాడు, స్పెల్లింగ్ తప్పులేకుండా. ఫైలు మీద చూసి ఉంటాడు. ఒక గంట చదివినట్టున్నాడు. ఆ తర్వాత పది నెలల్లో మళ్ళీ ఒక్కసారి కూడా ఆ పేరు లేదు. ఐపీఎల్ షెడ్యూలు, జుట్టు ఎన్నాళ్ళకి వస్తుంది, ఎంసెట్ సిలబస్, అమ్మకి నిద్ర పట్టడానికి ఏం చెయ్యాలి.

జానీ ఆ సంవత్సరమంతా చదువుతూనే ఉన్నాడు. ఎడమ చెయ్యి పట్టు తప్పుతోంది, ఎడమవైపు చూపు తగ్గుతోంది. ట్యూటర్లని పెట్టించుకుని పోయిన క్లాసులన్నీ పూర్తిచేశాడు. హార్వర్డ్ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాడు. 1947 మే 1న డాక్టర్ లెస్టర్ మౌంట్ రెండో ఆపరేషన్ చేశాడు. కణితి తిరిగి పెరిగింది. జూన్ మొదటి వారంలో డీర్‌ఫీల్డ్‌లో గ్రాడ్యుయేషన్. తలకి తెల్ల కట్టుతో జానీ ఆ హాలు మధ్యదారి వెంట ఒక్కో అడుగూ వేసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్ళి డిప్లొమా తీసుకున్నాడు. పుస్తకం మొత్తంలో గుంథర్ చేతులు వణికినట్టు అనిపించే పేజీలు ఇవే.

ఆ వారంలోనే, జూన్ 3న, మౌంట్‌బాటన్ దేశవిభజన పథకం ప్రకటించాడు. ఫ్రాన్సెస్ ఎదురుచూసిన స్వాతంత్ర్యానికి తేదీ దగ్గరపడింది. జూన్ 30న మెదడులో రక్తస్రావమై జానీ చనిపోయాడు. పదిహేడేళ్ళు. ఇంకో ఆరు వారాలకి ఆవిడ స్నేహితుడు ప్రధానమంత్రి అయ్యాడు. ఏళ్ళ తరబడి మన దేశం కోసం రాసిన మనిషికి ఆ ఆగస్టు ఎలా గడిచి ఉంటుందో అని మా పాఠ్యపుస్తకాల్లో ఎవరూ అడగలేదు.

ఒక తండ్రి కొడుకు చావుని ఇలా తేదీలతో, మందులతో, డాక్టర్ల పేర్లతో సహా రాయడం అప్పటికి కొత్త. పేపర్లలో క్యాన్సర్ చావుల్ని దీర్ఘకాల అనారోగ్యం అని రాసే కాలం. పుస్తకం మీద గుంథర్ గానీ, ప్రచురించిన హార్పర్ గానీ లాభం తీసుకోలేదు, పిల్లల క్యాన్సర్ పరిశోధనకి ఇచ్చేశారు. ఈ రోజు మనం చదివే జబ్బు జ్ఞాపకాలన్నిటికీ ఇది పెద్దన్న లాంటిది. కానీ ఇందులో విడాకులు ఒకట్రెండు వాక్యాల్లో తేలిపోతాయి. జబ్బు వల్ల మళ్ళీ ఒక గదిలో కూర్చోవాల్సొచ్చిన ఇద్దరు మనుషుల మధ్య ఏం నడిచిందో రిపోర్టరు రిపోర్టు చెయ్యలేదు. ఆ లోటు తీర్చేది చివర్లో ఫ్రాన్సెస్ రాసిన కొద్ది పేజీలు. వాటిల్లో డాక్టర్లు లేరు, డోసులు లేవు. పిల్లలు పోయిన తల్లిదండ్రులందరికీ పశ్చాత్తాపం ఉంటుందని ఒప్పుకుని, తనది ఏమిటో చెబుతుంది. వాడున్నప్పుడు వాణ్ణి ఇంకా ఎక్కువ ప్రేమించి ఉండాల్సింది అని. తండ్రి రెండు వందల పేజీల్లో అనలేని మాట అది.

నా 14.6 దగ్గరికి వస్తాను. అది 2005లో వచ్చిన పేపర్. రోజర్ స్టప్ బృందం 573 మంది పెద్దవాళ్ళ మీద చేసిన పరీక్ష. రేడియేషన్ ఒక్కటే అయితే సగటున 12.1 నెలలు, దానికి టెమొజొలొమైడ్ అనే కాప్స్యూల్ కలిపితే 14.6 (సగటు అని తేలిగ్గా అంటున్నాను, నిజానికి మీడియన్). ఈ రెండున్నర నెలలే పెద్ద విజయం, ఇప్పటికీ వైద్యం దాని మీదే నడుస్తోంది. మా వాడికీ అదే కాప్స్యూల్. ముందు వాంతుల మాత్ర, తర్వాత ఖాళీ కడుపుతో ఇది. ఇది పనిచేసే తీరు జానీకి ఎక్కించిన మస్టర్డ్ తీరే. కణంలోని డీఎన్ఏకి ఒక రసాయన ముక్కని అతికించి ఆ కణాన్ని విభజన చెందకుండా చెయ్యడం. అణువు మారింది, బాధ చాలా తగ్గింది. మొదటి ఆపరేషన్ తర్వాత జానీ బతికింది పద్నాలుగు నెలలు. ఒక్క పిల్లాడి లెక్కని పెద్దవాళ్ళ మీడియన్‌తో పోల్చకూడదని నాకూ తెలుసు. అయినా ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అన్ని క్యాన్సర్ల కథా ఇలా లేదు. జానీ ఉన్న మన్‌హట్టన్ నుంచి ఓ గంట ప్రయాణంలో పెర్ల్ రివర్ అనే ఊరుంది. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1947లో ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే రసాయనాలు తయారుచేస్తోంది. ఆయనా చావులు చూసినవాడే. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తను అమెరికా వచ్చేశాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ముఖం కూడా చూడలేదు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ని ఆ ఏడాది చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చాడు. పదహారు మందిలో పదిమంది తాత్కాలికంగానైనా తేరుకున్నారు. 1948 జూన్‌లో ఆ పేపర్ వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. ఆ దారి అక్కడితో ఆగలేదు. ఈ రోజు వైద్యం బాగా అందే దేశాల్లో పిల్లలకి ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియా నుంచి పదిమందిలో తొమ్మిదిమంది బయటపడుతున్నారు. అదే ఏళ్ళు, అదే చుట్టుపక్కలు. ఒక గ్రాఫు పైకి వెళ్ళిపోయింది, ఇంకోటి నేల మీద పాకుతోంది. మెదడు తన చుట్టూ కట్టుకున్న గోడ చాలా మందుల్ని లోపలికి రానివ్వదు. ఈ కణితి మంచి కణాల మధ్యకి వేళ్ళు పోయినట్టు పోతుంది, సర్జన్ కత్తికి అంచు దొరకదు. పట్నమ్‌కి దొరకలేదు, మా వాడి సర్జన్‌కీ దొరకలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ పుస్తకం గురించి పిన్నికి చెప్పాను. ఫోన్ హిస్టరీ గురించి కూడా, ఇన్నేళ్ళకి. అరిసెల పిండి కలుపుతోంది. చెయ్యి ఆగింది. ఆ చివరి వెతుకులాట ఏ నెలలో అని అడిగింది. ఆగస్టు అన్నాను. ఆ రోజుల్లో నిజంగానే నిద్ర పట్టేది కాదు, వాడు నిద్రపోయాడనుకునే ఏడ్చేదాన్ని అంది.

తర్వాత ఆ పుస్తకంలో అబ్బాయి వాళ్ళమ్మ సంగతి అడిగింది. చివరి పేజీలు నాకు చేతనైన తెలుగులో చెప్పాను. ఎక్కువ ప్రేమించాల్సింది అన్న చోట, ఎంతమంది పిల్లలు ఆవిడకి అంది. ఒక్కడే పిన్నీ అన్నాను. ముందు ఒక పాప పుట్టి పోయింది, మళ్ళీ పిల్లలు లేరు, చివరికి జెరూసలేం వెళ్ళిపోయి అక్కడే ఉండి పోయింది అని చెప్పాను.

"ఒక్కతేనా?" అంది.

ఆ తర్వాత పొయ్యి మంట తగ్గించి, ఆ షీటు నా దగ్గర ఇంకా ఉందా అని అడిగింది. ఉందన్నాను. అందులో వాడి బరువు రాసేవాడివి కదా, ఎప్పుడు ఎక్కువున్నాడో చూసి చెప్పు అంది. ఫోన్లో తెరిచి చూశాను. ఏప్రిల్ 12, యాభై ఎనిమిది కిలోలు.

"ఆ రోజు మామిడికాయ పప్పు చేశాను" అంది పిన్ని.